వినపడకపోయినా స్టేజీ మీద ఆడాలంటే

ముందు నేల చూసుకోండి. చెక్క ఫ్లోర్ అయితే దరువు అరికాలికి తెలుస్తుంది, సిమెంటు గచ్చు మీద, అందులోనూ కార్పెట్ పరిస్తే, దాదాపు ఏమీ తెలియదు. వినికిడి లేని స్కాట్లాండ్ పర్కషనిస్ట్ (డ్రమ్ముల్లాంటి వాద్యాలు వాయించే ఆవిడ) ఎవెలిన్ గ్లెనీ చెప్పులు విప్పి వాయించేది ఇందుకే. మన కూచిపూడి వాళ్లం ఎలాగూ చెప్పుల్లేకుండానే ఆడతాం, ఆ మేరకు అదృష్టవంతులం. రిహార్సల్లో స్పీకర్‌ని నేల మీద బోర్లా పెట్టి బాస్ పెంచండి. తాళం మాత్రం అంకెలుగా ఒంటికి పట్టేదాకా చేయాల్సిందే.

నట్టువాంగం చేసేవారిని (చేతి తాళాలు వాయిస్తూ డాన్సు నడిపించేవారిని) మీకు కనిపించేలా కూర్చోబెట్టమని ముందురోజే అడగండి, వాళ్ల తాళాల చేతులు కనపడితే సగం టెన్షన్ పోతుంది. ఒకచోట నాకు చెప్పకుండా పొగ మెషిన్ పెట్టారు, ఆ చేతులు మాయం, రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు) మనసులో లెక్కపెట్టుకుంటూ ఎలాగో లాక్కొచ్చాను. అప్పట్నుంచి లైట్ల అబ్బాయితో ముందే మాట్లాడుకుంటున్నా: పూర్తి చీకటి వద్దు, ఎంట్రీకి వింగ్‌లోంచి టార్చ్ మూడుసార్లు వెలిగించు అని.

సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ ఖర్చు ఎవరిదో రెమ్యూనరేషన్ మాట్లాడేటప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు.

చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపమని యాంకర్‌తో జనానికి చెప్పించండి.