శ్రావణం పెళ్లిళ్లకు ముందు పళ్లు తెల్లగా చేసుకోవాలనుకుంటే

శ్రావణం వస్తోంది. బెంగళూరు మారతహళ్లి నుంచి ఊరి బస్సు ఎక్కేముందు అద్దంలో పళ్లు చూసుకుని దిగులుపడేవారు చాలామంది. ఏదైనా రుద్దేముందు ఇవి గమనించండి.

• నిమ్మరసం అసలు వద్దు. దాని పీహెచ్ (ఆమ్లగుణం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 2, అది 5.5 కన్నా తగ్గితే చాలు ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. కరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. పైపొర పలచబడితే లోపలి పసుపు పొర కనిపించి, పళ్లు ఇంకా పచ్చబడతాయి. తెల్లదనం కోసం చేసిన పనికి ఇంతకన్నా నష్టం లేదు.

• బొగ్గు పొడి, ఇటుక పొడి వద్దు. గరుకుదనం పంటిని అరగదీస్తుంది.

• మచ్చ ఎక్కడిదో చూడండి. కోలారు, అనంతపురం, నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి గోధుమ మచ్చలు పంటిలోనే ఉంటాయి. రుద్దితే పోవు. దయచేసి పిల్లల పళ్లను అలా తోమకండి.

• కట్టించుకున్న పళ్లుంటే తెల్లబరిచే జెల్ వాడకండి. వాటి రంగు మారదు, పక్కవి మాత్రం మారతాయి.

• గార ఉంటే దంతవైద్యుడి దగ్గరే తీయించుకోండి.

• వంటసోడా అయితే చిటికెడు, తడి చేసిన మెత్తని బ్రష్షుతో, అప్పుడప్పుడు మాత్రమే. అందులో ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి రోజూ వాడే పేస్టు మానకండి.

• ఫిల్టర్ కాఫీ తాగగానే నీళ్లతో పుక్కిలించండి. బ్రష్షు అరగంట తర్వాతే.

• పళ్లు జివ్వుమంటే ఆ రోజే ఆపేయండి.