కణాల స్పైకులు రికార్డ్ చేయాలంటే ముందు ఉప్పునీళ్లతో మొదలుపెట్టండి

డిష్‌లో న్యూరాన్లు (నాడీకణాలు) సిద్ధం కాగానే చాలామంది వాటి సిగ్నల్‌ని పెంచి చదివే చిప్ కలిపేసి రికార్డింగ్ మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. వారాల తరబడి సాకిన కణాలవి, మన వైరింగ్ తప్పులు వెతుక్కోవడానికి వాటిని బలిపెట్టకూడదు.

స్పైక్ అంటే నాడీకణం పుట్టించే చిన్న విద్యుత్ పల్స్. కణం లోపల అది సుమారు 100 మిల్లీవోల్టులు ఉంటుంది గానీ, బయటున్న ఎలక్ట్రోడ్‌కి అందేది సాధారణంగా 50 నుంచి 500 మైక్రోవోల్టులే, అదీ ఒక్క మిల్లీసెకను పాటు. ఇంటాన్ ఆర్‌హెచ్‌డి2132 లాంటి చిప్‌లో 32 యాంప్లిఫైయర్లు, ఫిల్టర్లు, 16 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) అన్నీ ఉంటాయి, బయటికొచ్చేది డిజిటల్ డేటా కాబట్టి చిప్ తర్వాత కేబుల్ కాస్త పొడవైనా సర్దుకోవచ్చు. చిక్కంతా చిప్‌కి ముందున్న ఆ రెండు మూడు అంగుళాల వైరుతోనే, అందుకే చిప్‌ని డిష్ పక్కనే పెట్టండి.

మొదట ఇన్‌పుట్లన్నీ రిఫరెన్స్‌కి (వోల్టేజీలన్నీ దేనితో పోల్చి కొలుస్తామో దానికి) కలిపేసి చూడండి. నాయిస్ 2.4 మైక్రోవోల్టుల దగ్గర ఉండాలి. పది చూపిస్తే తప్పు పవర్ సప్లైలోనో గ్రౌండ్‌లోనో ఉంది, అది తేలేదాకా ముందుకెళ్లొద్దు.

తర్వాత డిష్‌లో ఉప్పునీళ్లు పోయండి. రిఫరెన్స్‌కి వట్టి వెండి తీగ వాడితే బేస్‌లైన్ నిలవదు, ఆ తీగని ఓ ఇరవై నిమిషాలు బ్లీచ్‌లో ఉంచితే మెరుపు పోయి ముదురు బూడిద రంగు పొర పడుతుంది, అదే సిల్వర్ క్లోరైడ్, అదే మనకి కావాల్సింది. ఇప్పుడు స్క్రీన్ మీద 20 మిల్లీసెకన్లకోసారి అల లేస్తోందా? అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్. వెంటనే నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసేది) వేసేయకండి, రోగం అలాగే ఉండి కంటికి కనబడకుండా పోతుంది, పైగా సిగ్నల్ ఆకారం కూడా మారొచ్చు. డిష్‌ని లోహపు పెట్టెలో పెట్టి, గ్రౌండ్లన్నీ ఒకే చోట కలిపి, దగ్గర్లోని లైట్లు, అడాప్టర్లు ఒక్కొక్కటే ఆపుతూ చూడండి.

చిప్‌లోనే ఎలక్ట్రోడ్ల ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకి అవి చూపే అడ్డు) కొలిచే ఏర్పాటుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలవండి. మిగతా ఎలక్ట్రోడ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపించేది తెగిపోయినట్టే. ఇది తేలిగ్గా తీసుకోకండి, 1 మెగాఓమ్ రెసిస్టెన్స్ ఉందంటే 5 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో దాని వేడి నాయిసే 9 మైక్రోవోల్టులు, చిప్ ఎంత మంచిదైనా దాన్ని తగ్గించలేదు.

ఇక కణాలు పెట్టండి. శాంప్లింగ్ 30 కిలోహెర్ట్జ్, స్పైకులకి 300 నుంచి 5000 హెర్ట్జ్ ఫిల్టర్, కానీ సేవ్ చేసేది మాత్రం ఫిల్టర్ చేయని డేటా. గంటకి దాదాపు 7 జీబీ అవుతుంది, డిస్క్ ముందే ఖాళీ చేసుకోండి.

కనిపించినవి నిజం స్పైకులేనా అని అనుమానముంటే ప్రయోగం చివర్లో టెట్రోడోటాక్సిన్ వేయండి, అది ప్రాణాంతక విషం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. సోడియం ఛానెళ్లు మూసుకుపోయి స్పైకులు ఆగిపోవాలి. ఇంకా ఏమైనా కొట్టుకుంటుంటే అది కణం కాదు, వైరు.