అద్దం కన్నా ముందు లోపలి కుట్టు

కొత్త చొక్కా చేతికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని తిరగేయడం. రంగు, డిజైను, ఛాతీ మీద రాసిన అక్షరాలు అన్నీ ఆ తర్వాతే. మా అమ్మ టైలరు. మిషను చప్పుడు వింటూ హోంవర్కు చేసుకున్న పిల్లని కాబట్టి, బట్ట గుట్టంతా లోపలివైపే ఉంటుందని బడికెళ్లే రోజుల్లోనే తెలిసింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. చేతిలో డబ్బు తక్కువ, అల్మారాలో చోటు ఇంకా తక్కువ, పైగా ఉతుక్కోవాల్సింది నేనే. మీదీ అదే పరిస్థితైతే, ఫ్యాషన్ మీద ఇష్టం చంపుకోకుండా బట్టలు ఎలా కొనాలో నాకు తెలిసినంత చెబుతాను.

బయల్దేరే ముందు

ఉన్న బట్టలన్నీ తీసి మంచం మీద పోయండి. విసుగు పనే, కానీ తప్పదు. ఏవి పదేపదే వేసుకుంటున్నారో, ఏవి మడత కూడా విప్పలేదో చూడండి. నా మంచం మీద ఎప్పుడు పోసినా తేలేది ఒకటే: పైన వేసుకునేవి కుప్పలు, కింద వేసుకునేవి కరువు. టీషర్టు కొనడం సరదా, ప్యాంటు కొనడం శిక్ష కాబట్టి చాలామంది లెక్క ఇలాగే ఉంటుందని నా అనుమానం. లేనిదేదో వివరంగా రాసుకోండి. ‘నల్ల ప్యాంటు, జేబులో ఫోను పూర్తిగా పట్టాలి’ అన్నంత వివరంగా. ‘ఏదైనా బాగున్నది’ అని రాసుకుని వెళ్తే ఇంకో చారల టీషర్టుతో తిరిగొస్తారు.

తర్వాత, మీకు బాగా నప్పే చొక్కా ఒకటి నేలమీద పరిచి టేపుతో కొలవండి. ఈ చంక కింద నుంచి ఆ చంక కింద దాకా, ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా, మెడ పక్క నుంచి కింది అంచు దాకా. ప్యాంటుకైతే నడుము, తొడ, లోపలి కాలు పొడవు. ఆ అంకెలు ఫోనులో దాచుకుంటే ఆన్‌లైన్లో కొన్నా, దుకాణంలో కొన్నా అవే మీ సైజు.

లేబుల్ మీది ఎం, ఎల్ అక్షరాలని నేను పెద్దగా పట్టించుకోను. అమెరికాలో 1939, 1940 ప్రాంతంలో వ్యవసాయ శాఖ దాదాపు 15 వేలమంది ఆడవాళ్ల ఒంటి కొలతలు తీయించింది. వాటి ఆధారంగా 1958లో ఆడవాళ్ల బట్టలకి ఒక అధికారిక సైజుల పట్టిక వచ్చింది. 1983లో దాన్ని ఎత్తేశారు. అంత కొలిచినా అందరి ఒళ్లూ ఒక పట్టికలో ఇమడలేదు. ఇవాళ ఏ కంపెనీ ఎం ఆ కంపెనీదే. ఒకచోట ఎం సరిపోయి, ఇంకోచోట ఎల్ కూడా బిగిస్తే దిగులు పడాల్సింది మీరు కాదు.

తిరగేసి చూడటం

సరే, దుకాణంలో ఉన్నారు. చొక్కా తిరగేశారు. పక్క కుట్టుకి అటూ ఇటూ గుడ్డ పట్టుకుని మెల్లగా లాగండి. కుట్టు దగ్గర దారాలు నిచ్చెన మెట్లలా బయటపడి సందుల్లోంచి వెలుతురు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి. అంగుళానికి పది పన్నెండు కుట్లు ఉంటే చొక్కాకి మర్యాదైన పనే. ఆరో ఏడో ఉంటే తొందరలో తోలేశారన్నమాట. అంచుల్లో గుడ్డ పీచులు లేవకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు సరిగ్గా పడిందా, కాజాల చుట్టూ దారం పీచులు లేస్తోందా, అదీ చూడండి. చారలూ గళ్లూ ఉన్న చొక్కా అయితే పక్క కుట్టు దగ్గర గీతకి గీత కలవాలి. కలపాలంటే గుడ్డ ఎక్కువ ఖర్చవుతుంది, కత్తిరించేవాళ్లకి ఓపికా కావాలి. ఆ ఓపిక పట్టినవాళ్లు మిగతా పనిలోనూ అశ్రద్ధ చేయరని మా అమ్మ నమ్మకం. నేనూ అదే నమ్ముతాను.

కుట్టు పక్కన లోపల ఎంత గుడ్డ వదిలారో కూడా చూడండి. వేలెడు వెడల్పు ఉంటే రేపు కాస్త వదులు చేయించుకోవచ్చు. ఓవర్‌లాక్ పక్కనే కత్తిరించేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

ప్యాంటులో మొదట చిరిగేది జేబు మూల, జిప్పు అడుగు. ఇది ఇప్పటి సంగతి కాదు. అమెరికాలో రీనో ఊళ్లో ఉండే జేకబ్ డేవిస్ అనే టైలరు, కూలీల ప్యాంటు జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని మూలల్లో చిన్న రాగి మేకుల్లాంటి రివిట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పేటెంటుకి డబ్బు చాలక, తనకి గుడ్డ అమ్మే లీవై స్ట్రాస్‌తో కలిశాడు. 1873లో ఇద్దరి పేరా పేటెంటు వచ్చింది. మనం వేసుకునే జీన్స్ కథ అక్కడ మొదలైంది. రివిట్టు లేకపోయినా ఫరవాలేదు, ఆ మూలల్లో దారంతో అడ్డంగా గట్టి కుట్టు పడిందో లేదో చూడండి. జిప్పుని పైకీ కిందకీ లాగి, సగంలో ఆపి, గుడ్డని కాస్త కదపండి. జారిపోతే వద్దు. జిప్పు చెడితే ప్యాంటు మొత్తం మూలకి పోతుంది.

టీషర్టుకి వేరే పరీక్ష. రెండు భుజాలూ కలిపి పట్టుకుని వేలాడదీయండి. పక్క కుట్లు తిన్నగా కిందకి దిగాలి. ఒకటి పొట్ట మీదికి, ఇంకోటి వీపు మీదికి మెలి తిరుగుతుంటే ఉతికిన కొద్దీ ఇంకా తిరుగుతుంది. ఇస్త్రీతో సరయ్యేది కాదు. లోపల అరచెయ్యి పెట్టి చూడండి, వేళ్ల రంగు కనిపిస్తే గుడ్డ పల్చన. ఆన్‌లైన్లో అయితే జీఎస్ఎం అని ఒక అంకె ఇస్తారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క అది. మామూలు టీషర్టుకి 160 నుంచి 180 మధ్య ఉంటే నాకు సరిపోతుంది.

గుడ్డ సంగతి

లోపలి లేబుల్ మీద ఏ దారం ఎంత శాతమో ఉంటుంది. కాటన్ గాలిలోని తేమని తన బరువులో 8 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట ఒంటి మీదే నిలిచేది అందుకే. అలాగని పాలిస్టర్‌ని నేను తీసిపారేయను. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ దారం ముడత పడదు, గబుక్కున ఆరుతుంది. ఉతికిన పూటే మళ్లీ వేసుకోవాల్సిన ఆటల చొక్కాకి అది బంగారం. కిక్కిరిసిన క్లాసులో పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కూర్చోవడానికి మాత్రం నాకొద్దు.

విస్కోస్ అనో రేయాన్ అనో ఉంటే జాగ్రత్త. ఒంటి మీద చల్లగా, అందంగా జారుతుంది, ఫొటోల్లో బ్రహ్మాండంగా పడుతుంది. కానీ తడిస్తే దాని బలం సగం దాకా పోతుంది. బకెట్లో నానేసి మెలిపెట్టి పిండే అలవాటు ఉన్నవాళ్ల చేతిలో ఎక్కువకాలం బతకదు. నా రూమ్మేటుకి అవే ఇష్టం. ఓపిగ్గా చేత్తో నొక్కి నీళ్లు కార్చి ఆరేసుకుంటుంది. నాకంత ఓపిక లేదు కాబట్టి కొనను, అంతే.

స్వెటర్ల మీద, చంకల దగ్గర, బ్యాగు రాసుకునే చోట చిన్న ఉండలు కడతాయి కదా. పొట్టి పోగులు పైకి లేచి ముడిపడటం వల్ల అవి వస్తాయి. ఉత్త కాటన్ అయితే ఆ ఉండలు కొన్నాళ్లకి రాలిపోతాయి. పాలిస్టర్ కలిసిందైతే ఆ గట్టి పోగు ఉండని పట్టుకుని వదలదు. గుడ్డని గుడ్డతో కాసేపు రుద్ది చూస్తే ఆ బుద్ధి ఉన్న బట్ట అక్కడే నూగు లేపుతుంది.

సాగే జీన్స్‌లో ఎలాస్టేన్ ఉంటుంది. డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ 1958లో కనిపెట్టిన పోగు ఇది. ఒకటి నుంచి మూడు శాతం ఉంటే చాలు, కూర్చున్నా లేచినా హాయిగా ఉంటుంది. మోకాలి దగ్గర గుడ్డ సాగదీసి వదలండి, వెంటనే వెనక్కి పోవాలి. ఈ పోగుకి వేడి పడదు. వేణ్నీళ్లలో ఉతికి, కాల్చేసేంత వేడిగా ఇస్త్రీ చేస్తే మోకాళ్లు సంచుల్లా వేలాడతాయి.

లేబుల్ మీద బొమ్మల్లా ఉండే ఉతుకు గుర్తులు కూడా కొనేముందే చదవాలి. జినెటెక్స్ అనే సంఘం 1963లో పారిస్‌లో మొదలైనప్పటి నుంచి చూసుకుంటున్న ఈ బొమ్మలు చాలా దేశాల్లో ఇవే. నీళ్ల తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచింగుకి, చదరం ఆరేయడానికి. ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థం, మూడుంటే ఎక్కువ వేడి. తొట్టి మీద కొట్టివేత ఉండి, పక్కన వృత్తం ఉంటే డ్రైక్లీనింగు అన్నమాట. విద్యార్థికి ఆ వృత్తం చాలా ఖరీదైన బొమ్మ.

ట్రయల్ రూములో

నిలబడి అద్దంలో చూసుకుంటే అన్నీ బాగుంటాయి. కూర్చోండి. చేతులు రెండూ పైకెత్తండి, బల్ల మీదికి వంగినట్టు వంగండి, కింద పడిన పెన్ను తీసుకోండి. ప్యాంటు జేబులో ఫోను పెట్టుకుని నాలుగు అడుగులు వేయండి. చొక్కా అయితే ముందు భుజం కుట్టు చూడండి. అది భుజం ఎముక చివర ఆగాలి. పొడవు తగ్గించడం, నడుము బిగించడం టైలరుకి చిటికెలో పని. భుజం, చంక సరిచేయడమంటే చొక్కా విప్పి మళ్లీ కుట్టడమే. ఆ కూలి తీసుకోమన్నా మా అమ్మ వద్దంటుంది.

రంగు చూడటానికి కిటికీ దగ్గరికో గుమ్మం దగ్గరికో తీసుకెళ్లండి. దుకాణం దీపాల కింద ఒక్కలా ఉన్న రెండు నలుపులు ఎండలో ఒకటి నీలంగా, ఒకటి గోధుమగా తేలతాయి.

స్నేహితులతో వెళ్లడం గురించి ఒక మాట. నలుగురితో వెళ్తే సరదా, ఒక్కరితో వెళ్తే షాపింగు. మూడో దుకాణం దాటాక మీ స్నేహితురాలు అనే ‘సూపర్‌గా ఉందే, తీసేసుకో’కి అర్థం ఆమెకి ఆకలేస్తోందని. నేను మొహమాటం లేకుండా ‘కాదు’ అనే మనిషినే వెంట తీసుకెళ్తాను. నేను వద్దన్నవి కూడా నా రూమ్మేటు కొంటుంది, అది వేరే సంగతి.

ఆన్‌లైన్లో అయితే మోడల్ ఎత్తు, ఆమె వేసుకున్న సైజు కింద చిన్నగా రాస్తారు, ముందు అది చదవండి. తక్కువ చుక్కలిచ్చిన సమీక్షల్లో ఫొటోలు పెట్టినవి చూడండి. మామూలు గది వెలుతురులో తీసినవి కాబట్టి అసలు రంగు వాటిలోనే ఉంటుంది. సైజు చార్టులో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది గమనించండి. బట్ట కొలతైతే మీ ఫోనులోని అంకెలతో నేరుగా పోల్చవచ్చు. కొట్టేసిన పాత ధర వైపు చూడకండి, ఆ ధరకి ఎవరైనా కొన్నారో లేదో మనకేం తెలుసు. వెనక్కి ఇచ్చే గడువు తేదీ రాసుకుని, ట్యాగు కత్తిరించకుండా గదిలోనే వేసుకుని కాసేపు తిరగండి.

మొదటి ఉతుకు

మగ్గం మీదా, ఆ తర్వాత యంత్రాల్లోనూ గుడ్డని లాగిపట్టి ఉంచుతారు. నీళ్లు తగలగానే అది ముడుచుకుంటుంది. కాటన్ 5 శాతం తగ్గిందంటే 70 సెంటీమీటర్ల చొక్కా మూడున్నర సెంటీమీటర్లు పొట్టైపోతుంది. అందుకే పొడవు తగ్గించే పని ఉంటే మొదటి ఉతుకు అయ్యాకే టైలరుకి ఇవ్వండి. లేబుల్ మీద ప్రీష్రంక్ అనో శాన్‌ఫొరైజ్డ్ అనో ఉంటే ముందే కుదించి అమ్ముతున్నారు కాబట్టి అంత భయం లేదు.

ముదురు రంగైతే తడి తెల్ల రుమాలుతో లోపలివైపు ఒక మూల రుద్దండి. రంగు అంటితే విడిగా ఉతకాల్సిందే. ఉప్పునీళ్లలో నానేస్తే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు. రంగు అద్దేటప్పుడు ఉప్పు వాడతారు, నిజమే. కానీ అద్దకం పూర్తయిన గుడ్డకి తర్వాత ఉప్పు వేసి పెద్ద లాభం లేదు. జీన్స్ సంగతి వేరు. పడుగు, అంటే నిలువు దారాలకే నీలిమందు పడుతుంది, పేక, అంటే అడ్డ దారాలు తెల్లగా ఉంటాయి. ఆ నీలం కూడా దారం లోపలిదాకా ఇంకదు, పైపైనే ఉంటుంది. అందుకే కొత్త జీన్స్ వేసుకుని తెల్ల కుర్చీలో, తెల్ల బ్యాగుతో కూర్చోకండి. తిరగేసి, చన్నీళ్లలో, తక్కువసార్లు ఉతకండి.

ఇంటర్వ్యూ కోసం ఒక్క పూట వేసుకునే బ్లేజరు లాంటివి కొనకండి. మీ ఎత్తు, మీ భుజాలు ఉన్న సీనియర్‌ని వెతుక్కుని అడిగి తీసుకోండి. నేను అలాగే చేస్తాను. కాలరు లోపల చెమట మరక పడకుండా కింద కాటన్ చొక్కా వేసుకోండి. లేబుల్ మీద ఆ డ్రైక్లీనింగు వృత్తం ఉందో లేదో చూడకుండా మాత్రం బకెట్లో ముంచకండి. ఇచ్చేముందు జేబులు వెతకండి, మీ హాల్ టికెట్టు అందులోనే ఉండిపోవచ్చు.