పాత హాలో బాడీ బేస్ గిటార్ – రెండో పాఠం: కొనేముందు లోపలి చూపు, తెచ్చాక అతుకుల పని

మొదటి పాఠంలో మోడళ్ళను గుర్తుపట్టడం చూశాం. 1956లో వచ్చిన హాఫ్నర్ 500/1 లోపల పూర్తిగా బోలు, పైన ఎఫ్ అక్షరం ఆకారపు రంధ్రాలు ఉండవు. 1958లో వచ్చిన గిబ్సన్ ఈబీ-2కు ఎఫ్ రంధ్రాలుంటాయి గానీ నడుమ చెక్క దిమ్మె ఉంటుంది. ఈ పాఠం మొదటి రకం గురించి, అంటే లోపల దిమ్మె లేని బాడీ గురించి.

అమ్మేవాళ్ళింటికి వెళ్ళగానే చాలామంది గిటార్‌ను యాంప్‌కు తగిలించి వాయిస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. పికప్ (స్ట్రింగ్ కదలికను కరెంటుగా మార్చే భాగం) పోతే కాయిల్ మళ్ళీ చుట్టించుకోవచ్చు, వాల్యూమ్ పాట్ (తిప్పే నాబ్ కింది భాగం) పోతే కొత్తది వేసుకోవచ్చు. అతుకు విడిచిన బాడీ సంగతి వేరు. 30 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్స్ మోగే పొడవు) మీద నాలుగు స్ట్రింగ్స్ కలిసి సుమారు 60 నుంచి 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడు రాత్రీ పగలూ ఆగదు కాబట్టి చిన్న సందు నెలల్లోనే పెద్దదవుతుంది.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. చెక్క పొడవునా దాదాపు కుంచించుకోదు, నారకు అడ్డంగానే కుంచించుకుంటుంది. టాప్ (బాడీ పైపలక) చెక్క నార మెడ వైపు నుంచి కిందికి నిలువుగా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో టాప్ వెడల్పు తగ్గుతుంది. చుట్టూ వంచిన సైడు చెక్కల పొడవు తగ్గదు. రెండింటి మధ్య ఉన్న జిగురే ఆ తేడాను మోయాలి. అది ముసలిదైతే వదిలేస్తుంది, ఎక్కువగా నడుము వంపుల దగ్గర. ప్లై టాప్‌కు ఈ బాధ తక్కువ, ఏకచెక్క టాప్‌కు ఎక్కువ.

చూడటానికి వెళ్ళేటప్పుడు చిన్న టార్చి, పళ్ళ డాక్టర్లు వాడే బుల్లి అద్దం, వంకర లేని స్టీలు స్కేలు, మల్టీమీటర్, ఒక తెల్ల కాగితం ఉంటే చాలు. ముందు వేలి కణుపుతో బాడీ అంచు చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట చప్పుడు ముద్దగా, పొట్టిగా వస్తుంది. విడిచినచోట చిటపటమన్నట్టు రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. అక్కడ కాగితం అంచు దూర్చి చూడండి. ఎంత మేర దూరితే అంత మేర పని ఉన్నట్టు. 10 సెంటీమీటర్ల సందు ఇంట్లో అతికించుకోవచ్చు. సగం చుట్టు విడిచిపోయిందంటే బేరం మానుకోవడమే మంచిది.

తరువాత మెడ. స్కేలును ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కడ్డీల) మీద మెడ పొడవునా ఆనించి బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్‌ను మోసే ముక్క) వైపు జరపండి. స్కేలు కొన బ్రిడ్జ్ పైఅంచుకు దగ్గరగా రావాలి. బాగా కిందికి దిగి బ్రిడ్జ్ నడుముకు తగిలితే మెడ ముందుకు వాలిందన్నమాట. ఈ గిటార్లకు మెడ స్క్రూలతో కాదు, జిగురుతో కూర్చినది. దాన్ని ఊడదీసి కోణం సరిచేయడం మొదటిసారి చేసేవాళ్ళ పని కాదు, చేయించాలంటే ఖర్చు గిటార్ ధరను దాటవచ్చు. మెడ మడమ (మెడ బాడీతో కలిసేచోటు) దగ్గర కాగితం దూరినా అంతే.

ఎఫ్ రంధ్రాలు లేని గిటార్ లోపల చూడాలంటే, అమ్మేవాళ్ళ అనుమతితో కంట్రోల్ ప్యానెల్ (వాల్యూమ్ నాబ్‌లున్న పలక) స్క్రూలు విప్పి పైకెత్తాలి. వైర్లు పొట్టిగా ఉంటాయి, లాగకండి. ఆ కన్నంలోంచి అద్దం, టార్చి పెడితే టాప్ కింద నిలువుగా అతికించిన రెండు బద్దీలు కనిపిస్తాయి. బ్రిడ్జ్ కింద టాప్ కుంగకుండా కాసేవి అవే. బద్దీకీ టాప్‌కూ మధ్య నల్లని గీత కనిపిస్తే అది ఊడింది. వాయిస్తే ఒకటి రెండు స్వరాల దగ్గర మాత్రమే జుయ్యిమని మోగే గిటార్లలో చాలాసార్లు దోషం ఫ్రెట్లది కాదు, ఈ బద్దీదే.

పికప్‌ల పరీక్షకు వాల్యూమ్ పూర్తిగా తెరిచి, మల్టీమీటర్‌ను 20 కిలోఓమ్‌లకు పెట్టి, జాక్‌లో దూర్చిన కేబుల్ రెండో కొన దగ్గర కొలవండి. చాలా పాత పికప్‌లు 5 నుంచి 10 కిలోఓమ్‌ల మధ్య చూపిస్తాయి. రీడింగ్ అసలే రాకపోతే కాయిల్ తెగింది లేదా టంకం ఊడింది. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో షార్టు. ఏదైనా నాలుగో పాఠంలో సరిచేసుకునేదే.

కొన్నాక తీసుకొచ్చే దారిలోనూ జాగ్రత్త ఉంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. మే నెలలో అయితే తెల్లవారే బయలుదేరండి, స్ట్రింగ్స్ వదులు చేయండి, జడ్చర్లలో టిఫిన్‌కు ఆగినా గిటార్‌ను కారులో వదలకండి. ఎండలో మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు. పాత జిగురు మెత్తబడేది సరిగ్గా ఆ వేడికే.

ఇక అతుకు. వీలైతే దసరాకూ సంక్రాంతికీ మధ్య చేయండి. వానల్లో ఉబ్బిన చెక్కను అతికిస్తే ఎండాకాలంలో మళ్ళీ లాగుతుంది. ఎండాకాలంలో విచ్చిన పగులులో చెక్కముక్క కొట్టి పూడిస్తే వానల్లో ఆ ముక్కే పగులును పొడిగిస్తుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే పనికి అనుకూలం, కొలిచే మీటరు కొనిపెట్టుకోండి. కూలర్ గాలి నేరుగా తగిలే గోడకు మాత్రం గిటార్ వేలాడదీయకండి.

స్ట్రింగ్స్ విప్పేముందు బ్రిడ్జ్ కాళ్ళ చుట్టూ కాగితపు టేపు అంటించి చోటు గుర్తుపెట్టండి. ఆ బ్రిడ్జ్ టాప్‌కు అతికించి ఉండదు, స్ట్రింగ్స్ నొక్కుడుకే నిలబడుతుంది.

జిగురుగా సరేసే (జంతువుల చర్మం నుంచి తీసే జిగురు) వాడండి. వడ్రంగి షాపులో దొరికే తెల్ల జిగురు గట్టిదే, కానీ ఎడతెగని లాగుడుకు మెల్లగా జారుతుంది, పైగా చెక్క రంధ్రాల్లో మిగిలిపోయి తరువాత ఏ జిగురునూ పట్టనీయదు. సరేసును వేడి, తడి తగిలించి ఎప్పుడైనా విప్పుకోవచ్చు. పాత సరేసు మీద కొత్త సరేసు పట్టుకుంటుంది.

10 గ్రాముల సరేసు పలుకులకు 20 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ పోసి రెండు మూడు గంటలు నాననివ్వండి. బ్యాటరీల్లో పోసే నీళ్ళు సరిపోతాయి. పలుకులు ఉబ్బాక గిన్నెను వేడినీళ్ళలో నిలిపి 60 డిగ్రీల దగ్గర ఉంచండి. 70 దాటితే పట్టు తగ్గుతుంది, మరగనిస్తే పారబోయాల్సిందే. బ్రష్ ఎత్తితే తెగకుండా పల్చటి ధారగా జారాలి. కుళ్ళిన వాసన వస్తే వాడకండి.

సందులోని పాత జిగురును గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో, పల్చటి బ్లేడుతో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. థిన్నర్ వద్దు, పాత లక్కర్ పాలిష్‌ను కరిగిస్తుంది. ఆరాక జిగురు లేకుండా ఒకసారి బిగించి చూడండి. బిగింపుకు 6 మి.మీ. థ్రెడ్ రాడ్ ముక్కలు, రెండు చివరలా తోలు అంటించిన చెక్క బిళ్ళలు, రెక్కల నట్లు చాలు. బాడీ లోతు 5 సెంటీమీటర్లయితే రాడ్ 12 సెంటీమీటర్లు ఉండాలి. 5 సెంటీమీటర్లకొకటి. సందు వేలితో నొక్కితే మూసుకోవాలి. మూసుకోకపోతే నట్లతో బలవంతంగా మూయకండి. సైడు పక్కకు జరిగిందన్నమాట, దాన్ని చేత్తో లోపలికి తెచ్చాకే మిగతాది.

అసలు పనికి నిమిషం కూడా ఉండదు. జిగురు చల్లారితే గడ్డకడుతుంది. అప్పుడు బిగిస్తే పైకి మూసుకున్నట్టే కనిపించి మొదటి ట్యూనింగ్‌కే విచ్చుకుంటుంది. అందుకే చెక్కను హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేదాకా వేడిచేయండి. అంచు బైండింగ్ (బాడీ అంచున అతికించిన పట్టీ) సెల్యులాయిడ్ అయితే గాలి దాని మీద పడనీయకండి, అది అంటుకునే సరుకు. ఒకసారికి 6 నుంచి 8 సెంటీమీటర్ల మేరే జిగురు దూర్చి వెంటనే బిగించండి. అంచు పొడవునా చిన్న చిన్న చుక్కలు పైకి వస్తే సరిగ్గా పడినట్టు. చుక్క కూడా రాకపోతే జిగురు చాలలేదు. నట్లు అతిగా బిగిస్తే ఉన్న జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. పొంగినదాన్ని వెంటనే తుడవండి, ఆలస్యమైతే తడికి పాలిష్ తెల్లబడుతుంది. 24 గంటలు కదపకండి.

లోపలి బద్దీకి సిరంజికి సన్నటి ట్యూబు తొడిగి జిగురు అందించి, కంట్రోల్ కన్నంలోంచి 5 మి.మీ. బోల్టు, నట్టుతో చేసిన చిన్న జాకీ పెట్టి పైకి ఆనించాలి. జాకీ కింద బ్యాక్ (బాడీ వెనక పలక) మీద వెడల్పాటి చెక్కపలక వేయండి, లేకపోతే బ్యాక్ ఉబ్బుతుంది. ఆనితే చాలు, నెట్టకూడదు.

ఆరాక బ్రిడ్జ్‌ను టేపు గుర్తుల మీద నిలబెట్టి స్ట్రింగ్స్ వేయండి, కానీ మొదటి రోజు ఐదు ఫ్రెట్ల మేర కిందికే ట్యూన్ చేయండి. మర్నాడు అంచంతా కణుపుతో కొట్టి విని, చప్పుడు మారలేదంటే అసలు శ్రుతికి తెండి: ఇ 41.2, ఎ 55, డి 73.4, జి 98 హెర్ట్జ్. మూడు రోజుల తరువాత ఇంకోసారి కొట్టి వినండి.

వచ్చే పాఠం బ్రిడ్జ్‌ది. అప్పటిలోగా నట్ (మెడ కొనన స్ట్రింగ్స్ ఆనే గాట్ల ముక్క) నుంచి 12వ ఫ్రెట్‌కు, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కు ఎన్ని మి.మీ. ఉందో నాలుగు స్ట్రింగ్స్‌కూ విడివిడిగా కొలిచి రాసిపెట్టండి. 30 అంగుళాల స్కేల్‌కు మొదటి కొలత 381 రావాలి. రెండోది దానికంటే కాస్త ఎక్కువే ఉంటుంది, ఇ స్ట్రింగ్ దగ్గర ఇంకా ఎక్కువ.