అంబాసిడర్‌కు ఇంట్లోనే రంగు వేసి మెరుగు పెట్టడం ఎలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అంటే మన షెడ్డుల్లో మిగిలిన బండ్ల రేకును ఉన్నంతలో కాపాడుకోవలసిందే. రంగు వేయడం అందం కోసమే అనుకుంటారు గాని, మొదటి ప్రయోజనం తుప్పును ఆపడం. ఓపిక ఉన్నవారు ఈ పనిని ఇంట్లోనే చక్కగా చేసుకోవచ్చు. రంగు కొట్టేది ఒకటి రెండు పూటలే. మిగతా రోజులన్నీ రుద్దడానికే పోతాయని ముందే తెలుసుకుని దిగండి.

మొదలుపెట్టే ముందు

రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం కుదరదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత కారుకు 2021 నిబంధనల కింద వింటేజ్ గుర్తింపు కోరవచ్చు. అందుకు కారు అసలు రూపంలో ఉండాలి. అందుకే నా సలహా, ఫ్యాక్టరీ రంగుకే కట్టుబడండి. ఆ రంగు ఎలా ఉండేదో తెలియాలంటే తలుపు లోపలి అట్ట విప్పి చూడండి. ఎండ తగలని ఆ మూలలో అసలు ఛాయ ఇంకా ఉంటుంది. దాన్ని కొద్దిగా పాలిష్ చేసి దుకాణంలో చూపించి, మొత్తం కారుకు చాలినంత రంగును ఒకేసారి కలిపించుకోండి. రెండోసారి కలిపితే ఛాయ అచ్చంగా అలాగే రావడం కష్టం.

ఏ రకం రంగు?

ఇప్పటి వర్క్‌షాపుల్లో ఎక్కువగా వాడేది హార్డ్‌నర్ (రంగును గట్టిపరిచే మందు) కలిపే పీయూ, అంటే పాలీయురేథేన్ రంగు. గట్టిదే, మెరుపూ ఎక్కువే. కానీ దాని హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీల్చితే ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. బయటి నుంచి గొట్టం ద్వారా స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు, ప్రత్యేకమైన గది లేకుండా దాన్ని కొట్టకూడదు. ఇంట్లో పిల్లలు, పక్కింట్లో పెద్దవాళ్లు ఉన్నచోట ఆ ఆలోచనే వద్దు.

ఇంటికి తగినది ఎన్‌సీ రంగు, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్ (థిన్నర్ ఆవిరై పోగానే ఆరే పూత). నిమిషాల్లో ఆరుతుంది కాబట్టి దుమ్ము అంటుకునే వ్యవధి తక్కువ. కారితే ఆరాక రుద్ది, మళ్లీ కొట్టవచ్చు. పాత కార్లకు తగిన మృదువైన మెరుపు దీనికి ఉంది. ఒక్కటే జాగ్రత్త, ఇది నిప్పుకు భగ్గుమంటుంది. పని చేసే చోట స్విచ్చులు వేయకూడదు, దీపం, బీడీ, సిగరెట్టు దగ్గరికి రాకూడదు, కంప్రెసర్ షెడ్డు బయటే ఉండాలి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (థిన్నర్ వంటి ఆవిరులను పీల్చుకునే ఫిల్టర్) ఉన్న మాస్కు తప్పనిసరి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ థిన్నర్ ఆవిరిని ఆపలేదు.

పాత పూత పరీక్ష

గుడ్డను థిన్నర్‌లో తడిపి, కంటికి కనబడని చోట అరనిమిషం అదిమి పట్టండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ, దాని మీద మళ్లీ ఎన్‌సీ వేయవచ్చు. ముడతలు పడితే సింథటిక్ ఎనామెల్. దాన్ని పూర్తిగా గీకేయాల్సిందే, లేకపోతే కొత్త పూతలోని థిన్నర్ కింది పొరను లేపేస్తుంది. ఏమీ కాకపోతే ఫ్యాక్టరీలో వేడితో కాల్చిన పూత గాని, పీయూ గాని అయి ఉంటుంది. గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని గరుకు చేస్తే చాలు.

తర్వాత చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి కారంతా తిప్పండి. ఎక్కడ పట్టు తప్పుతుందో అక్కడ కింద దళసరిగా పుట్టీ ఉంది. తలుపుల అడుగు అంచులు, వాటి కింది పట్టీలు, డిక్కీ అడుగు, మడ్‌గార్డ్ బీడింగ్ వెంట ప్రత్యేకంగా చూడండి. నీరు నిలిచేది అక్కడే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండి అయితే ఇంకా అనుమానంగా చూడాలి. చిల్లు పడిన రేకును పుట్టీతో మూయకండి. టింకరింగ్ మేస్త్రీతో కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. పుట్టీ వెనక తుప్పు ఆగదు, లోలోపల పాకుతూనే ఉంటుంది. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే అప్పుడే పుల్లతో పొడిచి తెరవండి.

రుద్దడం

బంపర్లు, గ్రిల్, లైట్లు, తలుపు పిడులు, బీడింగ్, రబ్బర్లు విప్పేయండి. వాటి చుట్టూ టేపు అంటించి కానిస్తే ఏడాది తిరగకుండానే ఆ అంచుల దగ్గర రంగు లేచిపోతుంది. విప్పిన స్క్రూలను దేనికవి సంచుల్లో వేసి పేరు రాసి పెట్టండి.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, కాబట్టి మాస్కు తీయకుండా వీలైనంతవరకు తడిపి రుద్దండి. తేలిన తుప్పును 80 నంబరు గరుకు కాగితంతో తీసి, గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పట్టించి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి వెంటనే ఆరబెట్టండి. మెరిసే రేకును వట్టి చేతులతో తాకకూడదు. చేతి చెమట, జిడ్డు అంటిన చోట ప్రైమర్ పట్టదు. మన తేమకు రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది కాబట్టి ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. గేట్లకు, కిటికీ ఊచలకు వేసే రెడ్ ఆక్సైడ్ ఇక్కడ పనికిరాదు. ఎన్‌సీ థిన్నర్ దాన్ని లేపుతుంది.

సొట్టలకు హార్డ్‌నర్ కలిపే పాలియెస్టర్ పుట్టీ వాడండి. వంద గ్రాములకు రెండు గ్రాముల హార్డ్‌నర్ చాలు. పావుగంటలోపే బిగుస్తుంది, కొంచెం కొంచెంగా కలపండి. 3 మిల్లీమీటర్ల కంటే మందం కావాలంటే ఆ సొట్టను ముందు సుత్తితో సరిచేయాలి. ఈ పుట్టీ నీరు పీల్చుకుంటుంది, పొడిగానే రుద్దాలి.

తర్వాత సర్ఫేసర్ (సన్నని గీతలను పూడ్చే అడుగు పూత) రెండు మూడు పూతలు. అది ఆరాక నల్ల రంగును చాలా పలుచగా, చిలకరించినట్టు కొట్టండి. చెక్కదిమ్మెకు చుట్టిన 400, ఆపై 600 నంబరు వాటర్ పేపర్‌తో ఏటవాలుగా, అటూ ఇటూ మార్చి రుద్దితే నలుపు మిగిలిన చోటే పల్లం ఉన్నట్టు. వేళ్లతో రుద్దితే వేళ్ల చాళ్లు పడతాయి, రంగు వేశాకే అవి బయటపడతాయి. అంబాసిడర్ బానెట్, మడ్‌గార్డులు ఉబ్బెత్తు వంపులు కాబట్టి దిమ్మెకు బదులు మెత్తని రబ్బరు ముక్క వాడండి. ఈ దశలో కళ్ల కంటే అరచేతిని నమ్మండి. పలుచటి గుడ్డ పరిచి దాని మీదుగా నిమిరితే చిన్న ఎత్తుపల్లాలు కూడా తెలుస్తాయి.

రంగు కొట్టడం

వానాకాలం వద్దు. గాలిలో తేమ ఉంటే ఎన్‌సీ పూత మీద తెల్లటి మసక కమ్ముతుంది. మే నెల ఎండల్లో తుంపర గాలిలోనే ఆరి, పూత గరుకుగా పడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, మంచు ఆరిన ఉదయం పూట అనువైన సమయం. కంప్రెసర్ గొట్టానికి నీటిని వడగట్టే ఫిల్టర్ బిగించండి. షెడ్డు నేల తడిపి దుమ్ము అణచండి. డ్యాష్‌బోర్డు పాలిష్ వంటి సిలికాన్ ఉన్న స్ప్రేలను కొన్ని రోజుల ముందు నుంచే షెడ్డులోకి తేవద్దు. వాటి జాడ ఉన్నచోట రంగు గుండ్రటి కళ్లలా విడిపోతుంది.

ముందు అట్టముక్క మీద సరిచూసుకోండి. స్ప్రే గన్ రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, రేకుతో సమాంతరంగా కదలాలి. మణికట్టు తిప్పకుండా మొత్తం చేయి జరపండి. ప్రతి గీత ముందు గీతలో సగం కప్పాలి. పైకప్పుతో మొదలుపెట్టి, బానెట్, డిక్కీ, చివరకు పక్కలు. ఒకేసారి దళసరిగా కాకుండా, మధ్యలో పది పదిహేను నిమిషాలు ఆగుతూ ఆరు నుంచి ఎనిమిది పలుచటి పూతలు వేయండి. మెరుగు పెట్టేటప్పుడు కొంత పోతుంది, అందుకే ఇన్ని.

మెరుగు

ఆగడం ఇక్కడే కష్టం. తాకితే ఆరినట్టే ఉంటుంది గాని, లోపలి థిన్నర్ పోవడానికి వారాలు పడుతుంది. నెల రోజులు ఆగండి. తొందరపడి పాలిష్ చేస్తే ఆ తర్వాత పూత కుంగి, రుద్దిన గీతలు మళ్లీ తేలతాయి.

అంచులకు, వంపు గీతలకు టేపు వేయండి, అక్కడ పూత త్వరగా అరిగిపోతుంది. 1500, తర్వాత 2000 నంబరు కాగితాన్ని సబ్బు నీటిలో నానబెట్టి, తేలికగా రుద్దండి. మొత్తం ఉపరితలం ఒకే తీరుగా మసకబారాలి. ఆపై రబ్బింగ్ కాంపౌండ్ (సన్నగా అరగదీసే ముద్ద). చేత్తో చేయవచ్చు, బఫింగ్ యంత్రం ఉంటే తక్కువ వేగంలో ఒకేచోట నిలపకుండా తిప్పండి. ఎన్‌సీ వేడికి మెత్తబడుతుంది. ఎండలో ఈ పని వద్దు. చివరగా కార్నౌబా మైనం (ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మైనం) పలుచగా పూసి, మెత్తని పొడిగుడ్డతో తుడవండి. మూడు నాలుగు నెలలకోసారి మైనం పూస్తే చాలు, కాంపౌండ్ మాత్రం మాటిమాటికీ వాడకండి. రంగు వేసిన మొదటి కొన్ని నెలలు కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. కప్పాల్సి వస్తే గాలి ఆడే నూలు దుప్పటి కప్పండి.