క్యాప్సూల్స్ డబ్బా పారేశాను, మునగాకు తెప్పించాను

మా ఆయన సిగరెట్టు మానరు. కానీ ఊపిరితిత్తులకు మంచిదని ఎవరో చెబితే యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ డబ్బా కొనుక్కొచ్చారు. లేబుల్ చూస్తే బీటా కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం తేలింది: రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. అదే కెరోటిన్‌ని ఆకుకూరలో తింటే ఆ భయం లేదు. కాకపోతే వండే పద్ధతి ఉంది.

మునగాకు దూయలేక చాలామంది వదిలేస్తారు. రాత్రి రెమ్మల్ని పాత పంచెలో మూటకట్టి పెట్టండి, తెల్లారేసరికి ఆకు దానంతటదే రాలిపోతుంది. సన్న పుల్లలు మాత్రం ఏరెయ్యాలి, లేకపోతే పంటికింద తగులుతాయి. రెండు చెంచాల నూనెలో తాలింపు పెట్టి, పసరు వాసన పోయేదాకా ఆకు వేయించి, ఉడికిన కందిపప్పులో కలపండి. నూనె దగ్గర పిసినారితనం వద్దు. కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది.

టమాటా కూడా అంతే. అందులోని లైకోపీన్ అనే ఎర్ర రంగు పదార్థం పచ్చి ముక్కల్లోంచి కంటే నూనెలో మగ్గిన పచ్చడిలోంచే బాగా అందుతుంది. నిమ్మకాయది దీనికి వ్యతిరేకం. సి విటమిన్ వేడికి పోతుంది కాబట్టి పప్పు దించాకే పిండండి. ఆకులోని ఐరన్ ఒంటపట్టడానికీ ఆ పులుపే సాయం.

ఉల్లిపాయ పొట్టు తీసేటప్పుడు పై పొరలు రెండు మూడు పీకి పారేస్తాం. క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఎక్కువుండేది అక్కడే, ఎండిన పొట్టు తీస్తే చాలు.

పసుపులో మిరియాలు వేస్తే ఇరవై రెట్లు పనిచేస్తుందని వాట్సాప్‌లో తిరిగేదానికి మూలం 1998 నాటి పరిశోధన. అందులో ఇచ్చింది పసుపు కాదు, పసుపుకి రంగిచ్చే కర్క్యుమిన్ 2 గ్రాములు; పెరిగింది రక్తంలోకి చేరే కర్క్యుమిన్ మాత్రమే. మామూలు పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే ఉంటుంది. చిటికెడు పసుపు రుచికీ రంగుకీ వేసుకోండి, మందనుకోకండి.

ఇక టీ. పాలీఫినాల్స్ అనే మంచి యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట నిజమే, కానీ అవే అన్నంలోని ఐరన్‌ని ఒంటపట్టనివ్వవు. చెయ్యి కడిగిన గంటకైనా ఆగాలి. మా ఇంట్లో టీ నాలుగింటికే. అంతకుముందు అడిగితే గిన్నె ఖాళీ లేదంటాను.