పండక్కి చుట్టాలొచ్చే ముందు: వస్తువు వదలని కుక్క ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

సంక్రాంతికి ఇల్లు నిండిపోతుంది. చెప్పో, బొమికో దొరికితే దాని మీద పడుకుని గుర్రుమనే కుక్క మీ ఇంట్లో ఉంటే, ఇవి ఇప్పుడే చూసుకోండి.

• నోట్లోది లాక్కోవద్దు. ఈసారి గుర్రుమన్నది, వచ్చేసారి నేరుగా కరవొచ్చు.

• గుర్రుమందని కొట్టొద్దు. అది హెచ్చరిక. కొడితే హెచ్చరించడం మానేస్తుంది, కరవడం మానదు.

• మార్పిడి ఇప్పటి నుంచే అలవాటు చేయండి. ఉడికించిన చికెన్ ముక్కలు, ఎముక లేకుండా, కాస్త దూరంగా వేయండి. అది లేచి వెళ్లాక ఇంకో రెండు మరింత దూరంగా విసరండి. వస్తువు తీసేది అప్పుడే. మా వాడు నా ఎడమ చెప్పు వదలడానికి నాలుగు ముక్కలు తీసుకున్నాడు, బేరం నష్టమేం కాదు.

• తింటూ తింటూ బిగుసుకుపోయి, తల కదపకుండా ఓరకంట చూస్తే అక్కడే ఆగండి. మాటా వద్దు, చేయీ వద్దు.

• కుక్క తినేటప్పుడు తలుపు వేసేయండి. పిల్లలకు చెబితే సరిపోదు. పైగా "ఏం చెయ్యదులే" అనే మామయ్య ఒకరుంటారు.

• చెప్పులు పైకి, బొమికలు మూత డబ్బాలోకి.

• రేబిస్ టీకా గడువు చూడండి. పన్ను గీరినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.